పేనుకీ రొయ్యకీ ఒకటే వంశం: ఉండి దగ్గర ఒక మిశ్రమ చెరువు కేసు

ధనుర్మాసం మధ్యలో, సంక్రాంతికి ఇంకా మూడు వారాలుందనగా, పశ్చిమ గోదావరి జిల్లాలోని ఉండి ఊరి దగ్గర ఒక పల్లె నుంచి తెల్లవారుజామునే ఫోన్ వచ్చింది. "డాక్టరు గారండీ, చేప పైకొచ్చి నోరు తెరుస్తోందండి. ఒంటి మీద పురుగు పడింది. షాపులో మందిచ్చారు, పొద్దెక్కాక కొట్టేద్దామనుకుంటున్నాం. ఓసారి మీ చెవిన వేద్దామని."

మందు పేరు అడిగాను. డెల్టామెత్రిన్.

"బాబాయ్ గారూ, సీసా మూత తియ్యకండి. నేను బయల్దేరుతున్నాను."

ఆ చెరువు నాకు తెలుసు. రెండెకరాలు, నాలుగున్నర అడుగుల నీరు. మూడు వేల శీలావతి, వాటితోపాటు యాభై వేల వెనామీ రొయ్య పిల్ల. చేప అరకేజీకి దగ్గరలో ఉంది. రొయ్యకి అరవై రోజులు, కౌంటు 90, అంటే కేజీకి తొంభై. ఉప్పు 2 పీపీటీ (వెయ్యికి రెండు వంతులు) ఉండే బోరు నీరు, కాలువ నీరు కలిపి పెడతారు. భీమవరం చుట్టుపక్కల ఇలా చేపనీ రొయ్యనీ కలిపి పెంచే చెరువులు ఇప్పుడు బోలెడు. చేప ధర పడిపోతే రొయ్య ఆదుకుంటుందని, రొయ్య పోతే చేప మిగులుతుందని రైతు లెక్క. చేపల చెరువుల్లో ఏళ్ల తరబడి చేప ఒంటి మీది పేనుకి కొట్టిన మందునే ఇలాంటి చెరువులోనూ కొట్టేస్తే ఆ లెక్క ఒక్క పూటలో తలకిందులవుతుంది. ఈ కేసు రాయడానికి కారణం అదే. కాస్త వివరంగానే రాస్తాను.

నేను వెళ్లేసరికి మంచు ఇంకా విడలేదు. నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు నాలుగున్నా రెండే తిరుగుతున్నాయి. నీటిలో ఆక్సిజన్ కొలిస్తే 2.1 పీపీఎం (పది లక్షలకి 2.1 వంతులు), చాలా తక్కువ. మేతకి తౌడు సంచులు కట్టిన వెదురు కర్రల దగ్గర చేపలు ఒళ్లు రాసుకుని పక్కకి దూకుతున్నాయి. గట్టు వారన చచ్చిన చేపలు ఓ అరవై దాకా తేలాయి. విసురు వల వేయించి పది బతికిన చేపల్ని తీయించాను. చచ్చిన చేప ఎందుకు చచ్చిందో చెప్పదు. దాని మీద ఉండే పరాన్నజీవులు అప్పటికే సగం వదిలి వెళ్లిపోయి ఉంటాయి.

రైతు చెప్పిన పురుగు నిజమే. రెక్కల మొదట్లో, తోక దగ్గర, కందిబద్దంత చదునైన బిళ్లలు కనిపించాయి. ఒక్కో చేప మీద మూడో నాలుగో ఉన్నాయి. ఆర్గులస్. మన వైపు చేప పేను అంటారు. ఒకదాన్ని గాజు పళ్లెంలో నీళ్లలో వేసి రైతుకి భూతద్దం ఇచ్చాను. చేప మీద కదలకుండా అతుక్కున్న బిళ్ల నీళ్లలో పడగానే గిరగిరా ఈదడం మొదలుపెట్టింది. పొట్ట వైపు రెండు గుండ్రటి వలయాలు కనిపిస్తాయి. చాలామంది వాటిని కళ్లనుకుంటారు. అవి చేపని పట్టుకునే చూషకాలు. అసలు కళ్లు ముందువైపు రెండు నల్లచుక్కల్లా ఉంటాయి. ఈగకీ రొయ్యకీ ఉన్నట్టే ఒక్కో చుక్కలో బోలెడు చిన్న కళ్లు కలిసి ఉంటాయి. వెనక నాలుగు జతల కాళ్లు తెడ్లలా ఆగకుండా కొట్టుకుంటుంటాయి.

"ఈ కాళ్లు చూడండి, కీళ్లున్నాయి. ఒంటి మీద పెంకు ఉంది. పెరగాలంటే ఆ పెంకు వదలాలి. ఇవన్నీ ఇంకెవరికున్నాయి బాబాయ్ గారూ?"

ఆయన రొయ్య మేత తింటోందో లేదో చూసే చెక్ ట్రే వైపు చూశారు. "రొయ్యకండి."

అదీ సంగతి. పేను, రొయ్య, పీత ఆర్థ్రోపొడా వర్గంలో క్రస్టేషియా అనే ఒకే శాఖవి. తూనీగ, ఈగ, సాలీడు, తేలు కూడా అదే వర్గంలో వేరే కొమ్మలు. వెన్నెముక లేని జంతువుల్లో ఇంతకంటే పెద్ద వర్గం లేదు. ఇప్పటిదాకా పేరుపెట్టిన జాతులే పది లక్షలు దాటాయి. కైటిన్‌తో చేసిన పైగుల్ల, కీళ్ల కాళ్లు, గుల్ల వదిలి పెరగడం, పొట్ట అడుగున సాగే నాడీదండం, నాళాల్లో పూర్తిగా ఇమడకుండా ఒళ్లంతా తడిపే రక్తం, ఇవి ఈ వర్గం గుర్తులు. డెల్టామెత్రిన్ లాంటి పైరెత్రాయిడ్ మందులు నాడుల్లో సోడియం ద్వారాల్ని మూసుకోనివ్వవు. పేను నాడికీ రొయ్య నాడికీ నిర్మాణం ఒకటే కాబట్టి మందు రెంటినీ ఒకేలా కొడుతుంది. పైగా రొయ్యని చంపడానికి పీపీబీలో (వంద కోట్లలో ఒక వంతు) చిన్న వంతు చాలు. గుల్ల కట్టకుండా ఆపే డైఫ్లూబెంజురాన్ వేసినా అంతే. పేను గుల్ల కట్టలేకపోతే రొయ్యా కట్టలేదు.

ఇక్కడితో ఆగిపోయి ఉంటే సగం కేసే చూసినట్టు. చేపకి మూడు నాలుగు పేలుంటే ఒళ్లు గీరుకుంటుంది, పుండు పడుతుంది, ధర తగ్గుతుంది. అంతేగానీ అరకేజీ శీలావతి అంతమాత్రానికే నీటి మీదకొచ్చి నోరు తెరవదు. ఆ లక్షణం మొప్పది. మొప్ప మూత ఎత్తి చూస్తే రక్తం రంగులో ఉండాల్సిన దువ్వెనలు పాలిపోయి, జిగురు కప్పుకుని ఉన్నాయి.

రెండో మొప్ప దువ్వెనని కత్తిరించి, చెరువు నీటి చుక్కతోనే స్లయిడ్ మీద పెట్టాను. కుళాయి నీళ్లు వాడకూడదు, క్లోరిన్‌కి చాలా జీవులు ముడుచుకుపోతాయి. కారు డిక్కీ మీదే మైక్రోస్కోప్ పెట్టి నలభై రెట్లలో చూశాను. మొప్ప రేకుల మధ్య నుంచి పల్చటి, మెత్తటి జీవులు సాగుతూ ముడుచుకుంటూ అటూ ఇటూ వెతుక్కుంటున్నాయి. తల వైపు నాలుగు నల్లచుక్కలు, తోక వైపు ఓ జత పెద్ద కొక్కేలు, వాటి చుట్టూ చిన్న కొక్కేలు. కాళ్లు లేవు, గుల్ల లేదు, ఖండాలు లేవు. డాక్టిలోగైరస్. రైతుల మాటలో మొప్ప పురుగు. ఒక్క దువ్వెన మీదే నలభై దాకా లెక్కపెట్టి ఆపేశాను.

ఇది ప్లాటీహెల్మింథిస్, అంటే చదును పురుగుల వర్గం. రైతు గారమ్మాయి ఇంటర్ బైపీసీ చదువుతోంది. సెలవులకి ఇంటికొచ్చి పక్కనే నిలబడి చూస్తోంది. "అది బద్దెపురుగు వర్గం కదా సార్, పేగులో ఉంటుందని రాశాం. మొప్పలో ఎలా బతుకుతుంది?" అని అడిగింది. మంచి ప్రశ్న. పాఠంలో మనకి కంఠస్థమయ్యేది బద్దెపురుగు, కార్జపు జలగ. చేపల రైతుకి తగిలేవి మాత్రం బతుకంతా చేప ఒక్కదాన్నే నమ్ముకుని గడిపే మోనోజీనియా శాఖవి. వీటికి నడుమ ఇంకో ఆతిథేయి, అంటే ఆశ్రయమిచ్చే జీవి, అక్కర్లేదు. మొప్ప మీదుండే డాక్టిలోగైరస్ గుడ్లు పెడుతుంది. చర్మం మీదుండే దాని చుట్టం గైరోడాక్టైలస్ పిల్లల్నే కంటుంది. దాని కడుపులో పిల్ల, ఆ పిల్ల కడుపులో మరో పిల్ల కనిపిస్తాయి. చదును పురుగులకి శరీర కుహరం (పేగుకీ ఒంటి గోడకీ మధ్య ఖాళీ) లేదు, మలద్వారం లేదు, రక్తనాళాలు లేవు. ఒళ్లు అంత పల్చగా ఉండేది అందుకే. ఊపిరి చర్మం గుండానే ఆడాలి. ఆ పల్చటి చర్మమే వాటి బలహీనత కూడా. మన మందు పనిచేయాల్సింది అక్కడ.

కార్జపు జలగ అని పేరులో జలగ ఉన్నా అది జలగ కాదు. గొర్రెల కాపరికీ పశువుల డాక్టరుకీ అర్థమైతే చాలు కాబట్టి ఆ పేరుతో ఎవరికీ నష్టం లేదు. చెరువు గట్టు మీద మాత్రం పేరు తప్పితే డబ్బు పోతుంది. ఈ తప్పు మన ఒక్కరిదే కాదు. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ జంతువుల్ని ఆరు తరగతులు చేసినప్పుడు వెన్నెముక లేనివాటికి రెండే ఇచ్చాడు: కీటకాలు, పురుగులు. నత్త, జలగ, వానపాము, సముద్ర నక్షత్రం అన్నీ 'పురుగులు' గంపలోనే పడ్డాయి. చేప ఒంట్లోకి తల దించి వేలాడే లెర్నియాని కూడా ఆయన అందులోనే వేశాడు. దాన్ని మనం నేటికీ లంగరు పురుగు అంటాం. నిజానికి అది పేనులాగే క్రస్టేషియన్, రొయ్యకి దాయాది. పారిస్ మ్యూజియంలో 'కీటకాలు, పురుగుల' ఆచార్య పదవి 1793లో లామార్క్‌కి వచ్చింది. ఆయన ఆ గంపని కుమ్మరించి ఒక్కో గుంపునీ విడదీస్తూ పోయాడు. అకశేరుకాలు అనే విభజన ఆయన చలవే. ఈ గట్టు మీద నేను చేసిందీ ఆ పనే, చిన్న ఎత్తున.

రైతు మందు కొనేశారు. ఎదురుగా పండగ. పట్టుబడికి బేరం మాట్లాడుకున్నారు. నా మాట నమ్మమని అడగడం కంటే చూపించడం మేలనిపించింది. రెండు స్టీలు బేసిన్లలో చెరువు నీళ్లు పోయించి, రెంటిలోనూ మూడేసి రొయ్యలు, నాలుగేసి పేలు, చిన్న గిన్నెలో మొప్ప దువ్వెన ముక్క పెట్టాను. ఒక బేసిన్‌లో చెరువుకి చెప్పిన మోతాదులోనే మందు కలిపాను. రెండోది ఊరికే ఉంచాను. రొయ్యలు ముందు మీసాలు ఊపడం మానేశాయి. తర్వాత తోక ఝాడించి ఎగిరాయి. అరగంట లోపు మూడూ పక్కకి ఒరిగి కాళ్లు కొట్టుకుంటున్నాయి. పేలు అడుగున వెల్లకిలా పడ్డాయి. మొప్ప ముక్క తీసి మళ్లీ స్లయిడ్ మీద పెట్టి అమ్మాయిని చూడమన్నాను. "ఇవి కదులుతున్నాయి నాన్నా," అంది. ఆయన కూడా వంగి చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత సీసా తీసుకెళ్లి కారులో నా సీటు మీద పెట్టారు.

ఇది అక్కడున్న మరో ఇద్దరు రైతులకీ కొత్త సంగతే. ఒకరు, "పోనీ ఐవర్‌మెక్టిన్ మేతలో కలిపితేనో?" అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. ఐవర్‌మెక్టిన్ గుండ్రటి పురుగుల్ని, అంటే నెమటోడాని చంపుతుంది. పేనునీ చంపుతుంది. చదును పురుగు జోలికి పోదు. చూడ్డానికి గుండ్రటి పురుగు సన్నటి వానపాములా ఉంటుంది. కానీ దాని ఒంటి మీద ఖండాలు ఉండవు, గట్టి పైపొర ఉంటుంది. కండరాలన్నీ నిలువుగానే ఉంటాయి కాబట్టి అది కొరడాలా అటూ ఇటూ కొట్టుకుంటుంది తప్ప వానపాములా సాగి ముడుచుకోలేదు. పెరగాలంటే పైపొర వదలాలి. ఈ కుబుసం విడిచే లక్షణాన్ని, జన్యువుల్ని కలిపి చూసి 1997లో శాస్త్రవేత్తలు నెమటోడానీ ఆర్థ్రోపొడానీ ఒకే పెద్ద గూటిలో చేర్చారు. అంటే గుండ్రటి పురుగు వానపాముకంటే రొయ్యకే దగ్గర. ఆ మందు రొయ్యకి కూడా విషమే.

నత్తల సంగతి కూడా తేల్చాల్సి వచ్చింది. "నత్తల వల్లే ఫ్లూక్ వస్తుందట కదండీ, మైలుతుత్తం కొట్టమన్నారు," అన్నారు రైతు. ఫ్లూక్ అంటే ఈ పరాన్న చదును పురుగులే; మైలుతుత్తంలో ఉండేది రాగి. కార్జపు జలగ విషయంలో అది నిజం, దాని పిల్ల దశలు నత్తలో గడవాలి. మన మొప్ప పురుగుకి నత్తతో పనే లేదు. రాగి రొయ్యకి పడదు, ఆల్కలినిటీ (నీటిలోని కార్బోనేట్ల పాలు) తక్కువగా ఉన్న నీటిలో మరీ పడదు. ఆ చెరువులో ఆల్కలినిటీ 90 పీపీఎంకి పడిపోయి ఉంది. అందులో నత్తల వాటా ఉంది. నత్త, ఆల్చిప్ప మొలస్కా వర్గం. మెత్తటి ఒళ్లు, కండగల పాదం, ఆ ఒంటిని కప్పే ప్రావారం అనే పొర. ఆ పొరే నీటిలోని కాల్షియం, కార్బోనేట్లు తీసుకుని గుల్ల కడుతుంది. గోదావరి జిల్లాల్లో నత్తగుల్లలు కాల్చి గుల్ల సున్నం చేసేది అందుకే, ఆ గుల్ల అంతా నీటి నుంచి తీసుకున్న సున్నమే. రొయ్య కూడా గుల్ల వదిలినప్పుడల్లా అదే కాల్షియం కోసం వస్తుంది. చెరువులో నత్త విపరీతంగా పెరిగితే రొయ్యకి లూజ్ షెల్ (గుల్ల వదులై మెత్తబడటం) రావడంలో వింత లేదు. కొబ్బరి మట్టలు కట్టలు కట్టి వారన నీళ్లలో వేయించాను. రాత్రి నత్తలు వాటి మీదకెక్కుతాయి, పొద్దున్నే ఎత్తేయాలి. వారంలో మూడు బస్తాలు తీశారు. బాతుల వాళ్లు వచ్చి పట్టుకెళ్లారు.

చెరువు అడుగు బురద ఒక బకెట్ తీయించి, జల్లెడలో కడిగి తెల్లటి పళ్లెంలో పోశాను. ప్రతి కేసులోనూ ఈ పని చేస్తాను. అడుగులో ఎవరున్నారో తెలియకుండా పైనున్న నీటి గురించి మాట్లాడటం నాకు నచ్చదు. తూనీగ పిల్లలు రెండు, నీటి పురుగులు, ఒక జలగ, ఎర్రటి దారాల్లాంటి ట్యూబిఫెక్స్ గుత్తులు కనిపించాయి. జలగ, ట్యూబిఫెక్స్, వానపాము అనెలిడా. ఒళ్లంతా ఉంగరాల్లా ఖండాలు, లోపల నిజమైన శరీర కుహరం, నాళాల్లో నడిచే రక్తం. ట్యూబిఫెక్స్ ఎర్రగా ఉండేది మన రక్తంలో లాగే హిమోగ్లోబిన్ ఉండటం వల్ల, ఆక్సిజన్ బాగా తక్కువైన బురదలో బతికేదీ దానివల్లే. ఇవి గుత్తులుగా దొరికాయంటే అడుగున మేత కుళ్లుతోందని అర్థం. తౌడు సంచుల కింద జానెడు నల్లబురద ఉంది. నీటి చుక్కలో రోటిఫర్లు, డాఫ్నియాలు అనే సూక్ష్మ జీవులు దండిగా ఉన్నాయి. డెల్టామెత్రిన్ కొట్టి ఉంటే డాఫ్నియాలు కూడా పోయేవి, అవీ క్రస్టేషియన్లే. ఆ తర్వాత నాచు తినేవాళ్లు లేక నీరు పచ్చబడి, తెల్లవారుజాము ఆక్సిజన్ ఇంకా కిందికి జారేది. అమ్మాయి ఇఖైనోడర్మేటా ఏదని అడిగింది. అది ఈ పళ్లెంలో ఎప్పటికీ రాదు. సముద్ర నక్షత్రాలు, వాటి బంధువులు ఉప్పు సముద్రం దాటి రావు, మంచినీటి జాతి ఒక్కటీ లేదు. చూడాలంటే అంతర్వేది తీరానికో, ఉప్పాడకో వెళ్లాలి.

ఇక చికిత్స. మొదటి మూడు రోజులు మందే లేదు. నాలుగు ఏరియేటర్లూ రాత్రంతా తిప్పించాను, మేత సగానికి తగ్గించాను, సంచులు కట్టే చోటు మార్పించి, రోజుకి అర అడుగు నీరు మార్పించాను. తెల్లవారి ఆక్సిజన్ 4 పీపీఎం దాటాకే మొప్ప పురుగుకి వేసే ఫార్మలిన్ సంగతి ఎత్తాను. ఫార్మలిన్ వేస్తే చెరువులో ఆక్సిజన్ తగ్గుతుంది, ప్రతి 5 పీపీఎంకీ దాదాపు 1 పీపీఎం ఆక్సిజన్ పోతుంది. 2.1 ఉన్న రోజున వేసి ఉంటే మొప్ప పురుగుతోపాటు చేపలూ పోయేవి. చెరువు నీరు సుమారు 11,000 ఘనపు మీటర్లు. 15 పీపీఎం మోతాదుకి 165 లీటర్లు పట్టింది. డబ్బాలు ఒక్కొక్కటీ వెలుతురులో చూశాను. అడుగున తెల్లటి మడ్డి పేరుకున్నవి రెండు పక్కన పెట్టించాను, ఆ మడ్డి చేపకి మరింత విషం. ఎండ వచ్చాక, ఏరియేటర్ల ముందు, నీటిలో బాగా పలచన చేసి పోయించాను. ముక్కుకి మాస్కు, చేతికి గ్లౌజు లేకుండా ఎవరినీ నీళ్లలోకి దిగనివ్వలేదు. ఆ మోతాదు రొయ్య తట్టుకుంటుంది. ముందు రోజే బకెట్‌లో వేసి చూసుకున్నాను.

మొప్ప పురుగు గుడ్డుని ఫార్మలిన్ ఏమీ చేయలేదు. అందుకే ఎనిమిదో రోజున, పొదిగిన పిల్లలు మళ్లీ గుడ్లు పెట్టే లోపు, రెండో విడత. చాలామంది మొదటి విడతకి చేప తేరుకోగానే ఆపేస్తారు, పది పన్నెండు రోజులకి మళ్లీ ఫోన్ చేస్తారు.

సంక్రాంతి పట్టుబడి మానుకోవాలని చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. మందు పడిన చేపని వెంటనే సంతకి పంపకూడదు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా ఇంట్లో తినని చేప ఇంకొకళ్ల ఇంటికి ఎలా పంపుతానండి," అని బేరగాడికి ఫోన్ చేసి వద్దన్నారు. పండక్కి వచ్చే ధర పోతుందని తెలిసే ఆ మాట అన్నారు. నేను మర్చిపోలేను.

పేనుకి మందు వేయలేదు. ఆర్గులస్ గుడ్లు చేప మీద పెట్టదు. చేపని వదిలి ఈదుకుంటూ వెళ్లి కర్రకో రాయికో వరసలుగా అతికిస్తుంది. రెండు వారాలు అటూ ఇటూగా పొదుగుతాయి, చలిలో ఇంకా ఆలస్యం. తౌడు సంచుల కర్రలన్నీ తీయించి చూస్తే నీటి కింద భాగమంతా గోధుమరంగు గింజల వరసలే. వాటిని గట్టు మీద ఎండబెట్టించి, వాటి స్థానంలో ఇరవై కొత్త వెదురు బద్దలు గుచ్చించాను. వారానికోసారి పీకి, గీకి, ఎండలో పడేసి, వేరేవి గుచ్చడం. మందు ఖర్చు లేదు, మనిషి శ్రమ ఉంది.

లెక్కలు ఇవీ. మొదటి విడత తర్వాత రెండు రోజుల్లో ఇరవై ఐదు చేపలు పోయాయి. వాటి మొప్పలు అప్పటికే చెడిపోయాయి. ఆ వారం మధ్యలో దువ్వెనకి ఆరు నుంచి ఎనిమిది ఫ్లూకులు కనిపించాయి. రెండో విడత తర్వాత చూసిన పది చేపల్లో ఏడింటికి అసలు లేవు, మూడింటికి ఒకటో రెండో. చేప పైకి తేలడం ఆగిపోయింది. రొయ్య ట్రే మేత మందు పడిన రోజు కాస్త మిగిల్చింది, మర్నాటి నుంచి మామూలే. పేను మాత్రం నిదానంగా తగ్గింది. ఆరు వారాలకి నాలుగైదు చేపల్లో ఒకదాని మీద కనిపించే స్థితికొచ్చింది. పూర్తిగా పోలేదు.

మరొకటి కూడా మిగిలింది. రెండు చేపల మొప్పల మీద రవ్వంత తెల్ల పొక్కులు చూశాను. ఒకదాన్ని చిదిమి స్లయిడ్ మీద పెడితే చింతగింజ ఆకారంలో సిద్ధబీజాలు, ఒక్కోదాని తల దగ్గర రెండు చిన్న తిత్తులు. మిక్సోబోలస్. చాలాకాలం దీన్ని ఏకకణ జీవుల్లో లెక్కగట్టారు. ఆ తిత్తుల్లో చుట్టచుట్టుకుని ఉన్న దారం జెల్లీఫిష్ కుట్టే కణాల్లో దారం లాంటిదే. ఇప్పుడు దీన్ని నిడేరియా వర్గంలో, అంటే జెల్లీఫిష్, హైడ్రా, పగడాల వంశంలో చేర్చారు. గట్టు మీద వాళ్లకి ఇది చెబితే నమ్మడం కష్టమైంది, నాకూ మొదట చదివినప్పుడు అలాగే ఉండింది. దీనికి చెరువులో వేసే నమ్మకమైన మందు లేదు. కానీ 1984లో వోల్ఫ్, మార్కీవ్ అనే శాస్త్రవేత్తలు ట్రౌట్ చేపల మిక్సోబోలస్‌లో ఒక దారి చూపించారు. చేప నుంచి పడిన బీజం బురదలోని ట్యూబిఫెక్స్‌లోకి చేరి, అక్కడ రూపం మార్చుకుని మళ్లీ చేపకి అంటుతుంది. మన పళ్లెంలో ఎర్రదారాల గుత్తులు ఉన్నాయి.

అందుకని వేసవికి ఒక పని అనుకున్నాం. మార్చిలో రొయ్య, చేప రెండూ పట్టేశారు. కాలువలు కట్టేసే నాటికి చెరువు ఖాళీ చేసి, సంచుల కింది నల్లబురద ట్రాక్టరుతో తీయించి గట్టు అవతల పోశారు. అడుగు నెర్రెలు విచ్చేదాకా ఎండింది. కాలువ వదిలాక కొత్త నీరు పెట్టే ముందు మళ్లీ ఒక బకెట్ మట్టి కడిగి చూశాం. ట్యూబిఫెక్స్ ఒక్కటీ దొరకలేదు. రెండు నత్తలు మాత్రం మూత బిగించుకుని మట్టిలో బతికే ఉన్నాయి. అమ్మాయి వాటిని ఒక సీసాలో నీళ్లు పోసి వేస్తే సాయంత్రానికి బయటికొచ్చి పాకడం మొదలుపెట్టాయట, ఫోటో పంపింది.